స్పోకెన్ ఇంగ్లీష్: అమీర్‌పేట బ్యాచ్‌కి వెళ్ళాలా, ఆన్‌లైన్ ట్యూటర్‌ని పెట్టుకోవాలా?

అమీర్‌పేటలో ఒక సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్ పూర్తి చేశాను, ఇప్పుడు ఐటాకీ అనే ఆన్‌లైన్ ట్యూటర్ల సైట్‌లో ట్యూటర్‌తో మాట్లాడుతున్నాను. రెండిటికీ సొంత జీతంలోంచే కట్టాను కాబట్టి చెబుతున్నా, ఫీజు ఒక్కటే చూసి చేరకండి, మీ చేత ఎంతసేపు మాట్లాడిస్తారో చూడండి.

ముందు అమీర్‌పేట. సెంటర్ పేరు రాయను, మైత్రీవనం చుట్టుపక్కల నేను డెమోకి వెళ్ళిన మిగతా చోట్ల కూడా దాదాపు ఇదే వరస. నెలకి రెండున్నర వేలు, ఆదివారం తప్ప రోజూ పొద్దున్న ఏడింటికి గంట క్లాసు. సార్ బాగా చెబుతారు, అందులో వంక పెట్టడానికి లేదు, కాలేజీలో బట్టీ పట్టిన టెన్సులన్నీ ఆయన బోర్డు మీద వేసి చెప్పాకే నాకు అర్థమయ్యాయి. కానీ బ్యాచ్‌లో ముప్పై మందిమి. గంటంతా మాకే వదిలేసినా మనిషికి రెండు నిమిషాలు, నెలకి పాతిక క్లాసులనుకుంటే యాభై నిమిషాలు, అంటే మనం మాట్లాడిన ఒక్కో నిమిషానికి యాభై రూపాయలు పడింది. నిజానికి అంత కూడా దక్కదు. సగం టైం సారే మాట్లాడతారు, జామ్ సెషన్ (ఇచ్చిన టాపిక్ మీద ఒక నిమిషం మాట్లాడడం) పెట్టిన రోజు ముందు వరసలో నలుగురైదుగురే లేస్తారు, డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాళ్ళు వెనక కుర్చీల్లో నోట్సు రాసుకుంటూ ఉండిపోతారు. ఆ క్లాసు అవసరం అసలు వాళ్ళకే కదా! నాకు బాధనిపించింది అక్కడే.

ఐటాకీలో రేటు ట్యూటర్లే పెట్టుకుంటారు, గంటకి అయిదారు డాలర్లు అడిగేవాళ్ళున్నారు, ఇరవై దాటినవాళ్ళూ ఉన్నారు. టీచింగ్ అర్హత చూపించిన ప్రొఫెషనల్ టీచర్లు వేరు, అది అక్కర్లేని కమ్యూనిటీ ట్యూటర్లు వేరు, ఊరికే మాట్లాడే ప్రాక్టీసుకి రెండోవాళ్ళు చాలు. డాలర్లలో కడితే కార్డు మీద బ్యాంకు ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీకి వేసే అదనపు ఛార్జి), దాని మీద జీఎస్టీ పడతాయి, అవి కూడా లెక్కలో వేసుకోండి. నా ట్యూటర్ ఫిలిప్పీన్స్ ఆవిడ, అన్నీ కలిపి అరగంటకి మూడు వందల యాభై దాకా అవుతుంది. అందులో ఇరవై నిమిషాలు నేనే మాట్లాడతాను కాబట్టి నిమిషానికి పద్దెనిమిది రూపాయల లోపే.

ఆవిడ చేసేది చాలా సింపుల్. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఎందుకు ఆలస్యమైందో క్లయింటుకి చెప్పినట్టు నాలుగు నిమిషాలు చెప్పమంటారు, మధ్యలో ఆపరు, తప్పులు చాట్‌లో టైపు చేసి పెడతారు. తర్వాత అదే సంగతి మూడు నిమిషాల్లో, ఆ తర్వాత రెండు నిమిషాల్లో చెప్పాలి. భాష నేర్పేవాళ్ళకి ఇది పాత పద్ధతే, కానీ మూడోసారి చెప్పేటప్పటికి మాటల కోసం వెతుక్కోవడం తగ్గడం మనకే తెలుస్తుంది, సోమవారం ఆఫీసు కాల్‌లో టెన్షన్ కూడా తగ్గింది.

ఇబ్బంది ఎక్కడంటే, రోజూ తీసుకుంటే నెలకి పది వేలు దాటిపోతుంది. అందుకే వారానికి రెండు పెట్టుకున్నాను. గంట క్లాసు ఒకటి తీసుకోవడం కన్నా అరగంటవి రెండు మేలు, వారమంతా గ్యాప్ వస్తే మళ్ళీ నోరు తిరగదు. మిగతా రోజుల్లో ఆఫీసు ఫ్రెండుతో లంచ్ తర్వాత పది నిమిషాలు ఇంగ్లీషే మాట్లాడతాను, ట్యూటర్ చాట్‌లో పెట్టిన తప్పులు చూసుకుని అదే విషయం ఫోన్లో రికార్డు చేసుకుంటాను. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక్క జాగ్రత్త, క్లాసుకి ఇరవై నాలుగు గంటల లోపు టైం మార్చాలంటే ట్యూటర్ ఒప్పుకోవాలి, ఆఫీసు షిఫ్టులు మారేవాళ్ళు బుక్ చేసేముందు ఇది చూసుకోండి.

ఇలాంటిదే ఇంకో సైట్ ప్రెప్లీలో ట్రయల్ క్లాసు తర్వాత నాలుగు వారాలకొకసారి కట్టే సబ్‌స్క్రిప్షన్ ఉంటుంది. వారానికిన్ని అని ముందే కట్టేస్తాం కాబట్టి బద్ధకించేవాళ్ళకి మంచిదే, ఐటాకీలో మాత్రం క్లాసుకి క్లాసు కట్టుకోవచ్చు, జీతం ఆలస్యమైన నెలలో అది పెద్ద ఊరట.

ఇంకా వాక్యం కట్టడమే రానివాళ్ళు ముందు ఒక నెల బ్యాచ్‌కి వెళ్ళండి, ఆ సార్లు నేర్పే గ్రామర్‌కి ఆ ఫీజు న్యాయమే. వాక్యం వచ్చి కూడా నలుగురిలో నోరు పెగలనివాళ్ళు ఆ డబ్బు ట్యూటర్‌కి పెట్టండి. డెమోకి వెళ్తే ఫీజు అడిగేముందు బ్యాచ్‌లో ఎంతమంది, ఒక్కొక్కరితో ఎంతసేపు మాట్లాడిస్తారు అని అడగండి, దానికి సమాధానం చెప్పకుండా మూడు నెలల ప్యాకేజీ గురించి మొదలుపెడితే అడ్వాన్సు కట్టకుండా వచ్చేయండి.