తొలి ఉపగ్రహం: కొనుక్కోవడం మేలా, చేసుకోవడం మేలా?

బెంగళూరు పీణ్యలో మన తెలుగువాళ్లు చాలామందే పనిచేస్తున్నారు. మన దేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట్ట తయారైంది అక్కడి ఇండస్ట్రియల్ షెడ్లలోనే అంటే కొత్తగా వచ్చినవాళ్లు ఓ పట్టాన నమ్మరు. నమ్మాక వచ్చే ప్రశ్న ఒకటే: అంత కష్టపడేకన్నా కొనుక్కుంటే పోయేది కదా?

ఇండోనేషియా ఆ పనే చేసింది. అమెరికాలో హ్యూస్ కంపెనీ తయారుచేసిన పలాపా అనే సమాచార ఉపగ్రహం 1976 జులైలో నింగికెక్కింది. వేల దీవుల దేశం అది. దీవి దీవికీ సముద్రంలో కేబుల్ వేయడం అయ్యే పనేనా? ఫోను, టీవీ త్వరగా అందాయి. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను.

మన ఆర్యభట్ట 360 కిలోలు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. విద్యుత్ సరఫరాలో లోపం వచ్చి, అందులోని శాస్త్ర ప్రయోగాలు కొద్ది రోజులకే ఆగిపోయాయి. దానివల్ల ఒక్క ఇంటికీ ఫోను రాలేదు. అయినా నా ఓటు దీనికే. ఎందుకో ఆ తర్వాత మనమే తయారుచేసుకున్న యాపిల్ అనే సమాచార ఉపగ్రహం చూస్తే తెలుస్తుంది. చుట్టూ ఇనుము ఉంటే యాంటెన్నా పరీక్ష సరిగ్గా రాదని, దాన్ని ఎడ్లబండి మీదకెక్కించి ఆరుబయట పరీక్షించారు. 1981 జూన్‌లో ఏరియన్ రాకెట్‌తో పైకి వెళ్లాక రెండు సోలార్ ప్యానెళ్లలో ఒకటి తెరుచుకోలేదు. ఎంత టెన్షన్ పడి ఉంటారో! ఉన్న ఒక్క ప్యానెల్‌తోనే రెండేళ్లకు పైగా నడిపారు. లోపల ప్రతి తీగా ఎటు పోతుందో తెలిసినవాళ్లు కాబట్టే అది సాధ్యమైంది.

కొన్నవాటికి గ్యారంటీ ఉంటుందా అంటే అదీ లేదు. అమెరికా కంపెనీ ఫోర్డ్ ఏరోస్పేస్ దగ్గర మనం కొన్న ఇన్శాట్-1ఏ ఉపగ్రహం 1982 ఏప్రిల్‌లో వెళ్లి సెప్టెంబర్‌కల్లా పనికిరాకుండా పోయింది. మరుసటి ఏడు వెళ్లిన 1బీ మాత్రం చక్కగా పనిచేసింది. దూరదర్శన్ దేశమంతా పాకింది దాని చలవే. అంటే మనమూ కొన్నాం. కాకపోతే కొంటూనే చేయడం నేర్చుకున్నాం, 1992లో పైకి వెళ్లిన ఇన్శాట్-2ఏ ఇక్కడే తయారైంది.

తొలి ఉపగ్రహం కావాలనుకునే దేశాలకు నేను చెప్పేది ఇదే: అవసరం నెత్తిమీద ఉంటే కొనండి. కానీ ఆ ఒప్పందంలోనే మీ ఇంజనీర్లు తయారీ మొదటి రోజు నుంచి పక్కనే ఉండాలని రాయించుకోండి. ఇంటి దగ్గర చిన్నదో, కుంటిదో ఒక ఉపగ్రహం పని అదే ఏడాది మొదలుపెట్టండి.