పిల్లల బట్టలకు ఏది మేలు: పాత నల్ల మిషను బాగు చేయించడమా, కొత్త జిగ్‌జాగ్ మిషను కొనడమా?

పెద్దవాళ్ళ జాకెట్టు కుట్టేటప్పుడు బుద్ధిగా నడిచే మిషను, చంటిబిడ్డ జుబ్బా దగ్గరికొచ్చేసరికి మొరాయిస్తుంది. దీనికి కారణం ఉంది. పిల్లల గుడ్డ పలచన, కొలతలు చిన్నవి, మలుపులు ఎక్కువ. మెడ చుట్టూ, చంక చుట్టూ గుడ్డను తిప్పుతుంటే, కింద దాన్ని ముందుకు జరిపే పళ్ళకు పట్టు దొరకదు. దారం కింద ఉండ కడుతుంది, కుట్టు తప్పుతుంది, గుడ్డ మూల సూది చిల్లులోకి పోయి ఇరుక్కుంటుంది. ఇట్టా నాలుగుసార్లు జరిగితే ఇంట్లో మాట మొదలవుతుంది: "ఆ పాతది ఎవరికన్నా ఇచ్చేసి కొత్తది తీసుకోరాదా?"

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఏ ఇంట్లో చూసినా ఈ ప్రశ్నకు మూడు జవాబులు వినిపిస్తాయి. ఇంట్లో ఉన్న నల్ల తొక్కుడు మిషను బాగు చేయించుకోవడం, సూది అటూ ఇటూ ఊగుతూ వంకర కుట్టు కూడా వేసే, కరెంటుతో నడిచే జిగ్‌జాగ్ మిషను కొనడం, ఇదంతా ఎందుకని గుడ్డ తీసుకెళ్ళి దర్జీకి ఇచ్చేయడం. నా మాట ముందే చెప్తాను. నూలు గుడ్డతో పిల్లల బట్టలు కుట్టే ఇంటికి పాత నల్ల మిషనే మేలు. సాగే బనియను గుడ్డతో కుట్టాలనుకునేవాళ్ళు మాత్రం కొత్తదాని గురించి ఆలోచించాలి. ఈ రెండో మాటలో ఎంత నిజముందో మొదటిదానిలోనూ అంతే ఉంది, కాబట్టి గుడ్డను బట్టి తేల్చుకోవాలి గానీ మిషను వయసును బట్టి కాదు.

తప్పు మిషనుదేనా?

మెకానిక్కు దగ్గరికి పోకముందే, షోరూము మెట్లెక్కకముందే సూది మార్చి చూడాలి. మన ఇళ్ళల్లో మిషనుకు ఎప్పుడూ 16 నంబరు సూదే ఉంటుంది. జాకెట్లు, లైనింగులు, ప్యాంటు చిరుగులు అన్నీ దాంతోనే సాగిపోతాయి. అదే సూదితో మల్‌మల్ గుడ్డ కుడితే ప్రతి కుట్టు దగ్గరా చిల్లు తెలుస్తుంది, పైగా సూది గుడ్డను కిందికి తోసేస్తుంది. పసిపిల్లల పలచని నూలుకు 9 గానీ 11 గానీ వాడాలి. గౌన్ల పాప్లిన్‌కు 11 లేదా 14 సరిపోతుంది. జరీ అంచున్న పట్టు పావడా కుట్టిన సూదిని తీసి పక్కన పెట్టేయండి. జరీ దాని మొన అరగదీస్తుంది, ఆ మొద్దు మొన మరుసటి రోజు జుబ్బా గుడ్డలో పోగులు లాగేస్తుంది.

మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళల్లో ఇంకో బాధ ఉంది. ఉప్పుగాలికి సూదులు, కింది దారం ఉండే బాబిన్ కేసు త్వరగా తుప్పు పడతాయి. కొంచెం తుప్పు చాలు, తెల్ల జుబ్బా మీద గోధుమరంగు చుక్క పడటానికి, పై దారం పుటుక్కున తెగడానికి. సూదుల పొట్లాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టుకుని, పని అయ్యాక మిషను మీద గుడ్డ కప్పితే సగం బాధ తీరుతుంది.

కింద దారం ఉండ కట్టిందంటే అందరూ గబగబా బాబిన్ కేసు విప్పుతారు. తప్పు చాలాసార్లు పైన ఉంటుంది. పై దారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్య కూర్చోకపోతే వదులుగా కిందికి జారి అక్కడ పోగుపడుతుంది. గుడ్డను నొక్కిపట్టే ఫుట్ పైకెత్తినప్పుడే ఆ బిళ్ళలు విడతాయి, కాబట్టి ఎత్తి పెట్టి దారం ఎక్కించాలి. బాబిన్ వైపు అనుమానముంటే కేసును దారంతో వేలాడదీసి చెయ్యి కొంచెం అదిలించండి. కొద్దిగా జారి ఆగితే బిగువు సరిగ్గా ఉన్నట్టు. సర్రున జారిపోతే వదులు, అస్సలు కదలకపోతే మరీ బిగువు. కేసు మీదున్న చిన్న స్క్రూను పావు చుట్టు తిప్పితే చాలు.

తొక్కుడు మిషనుకే ఉన్న జబ్బులు కొన్ని ఉన్నాయి. చక్రం మనవైపుకి తిరగాలి. మొదటి తొక్కు వెనక్కి పడితే దారం చుట్టుకుని తెగుతుంది, కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇది రోజూ జరిగేదే. బాబిన్ చుట్టడానికి చక్రం మధ్యలో బిళ్ళ వదులు చేసి మళ్ళీ బిగించడం మరిచిపోతే చక్రం తిరుగుతుంది గానీ సూది కదలదు. మిషను చచ్చిపోయిందనుకుని మెకానిక్కుకి కబురు పెట్టేవాళ్ళున్నారు. మా వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమకు తోలు బెల్టు సాగి జారుతుంది. బెల్టు కొక్కెం విప్పి, బెల్టును కొంచెం కత్తిరించి మళ్ళీ తగిలించడమే మందు.

ఇంకొక మాట, దీనిమీద నాకు పట్టింపు ఎక్కువ. మిషనులో కొబ్బరి నూనె, నువ్వుల నూనె పోయకండి. కొన్నాళ్ళకు అవి జిగురుగా మారి లోపల పట్టేస్తాయి. మిషను బరువెక్కిందని వచ్చే ఫిర్యాదుల వెనక ఈ నూనె జిగురు, పళ్ళ కింద గట్టిపడ్డ దూది ఉంటాయి. మెకానిక్కు కిరసనాయిలుతో కడిగి, మిషను నూనె వేసి ఇస్తే పాత చక్రం వేలితో తోసినా తిరుగుతుంది. కిరసనాయిలు కడగడానికే, దాన్నే నూనె అనుకుని వదిలేస్తే ఇనుము ఇనుమును తింటుంది.

గుడ్డను బట్టి తూకం

ఇవన్నీ చూశాకనే పోలిక మొదలుపెట్టాలి. ముందు మన ఎండల్లో బిడ్డకు తొడిగే పలచని నూలు సంగతి. వాడి వాడి మెత్తబడిన వెంకటగిరి నూలు చీరను చింపి మనవడికి జుబ్బాలు కుట్టే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. (వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, ఆ చీర మా నెల్లూరోళ్ళకు పరాయిది కాలేదు.) ఈ గుడ్డ మీద నల్ల మిషనుదే పైచేయి, దానికి సూది చిల్లే కారణం. నల్ల మిషను తిన్నగా మాత్రమే కుడుతుంది కాబట్టి సూది దిగే ప్లేటులో చిల్లు చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. జిగ్‌జాగ్ మిషనులో సూది అటూ ఇటూ ఊగాలి, అందుకని చిల్లు అడ్డంగా, వెడల్పుగా ఉంటుంది. పలచని గుడ్డ మూల దాంట్లోకి ఇట్టే జారిపోతుంది. కొత్త మిషను కొన్నవాళ్ళు మొదటి రోజు పడే బాధ ఇదే. గుడ్డ కింద పలచని కాగితం పెట్టి కుట్టి తర్వాత చింపేస్తే జారదు. తిన్నటి కుట్టుకు పనికొచ్చే చిన్న చిల్లు ప్లేటు మీ నమూనాకు దొరుకుతుందేమో కూడా అడగండి.

"మరి అంచులు పోగులు లేస్తాయి కదా, జిగ్‌జాగ్ ఉండొద్దా?" అని అడుగుతారు. పసిబిడ్డ బట్టలకు ఒద్దంటాను. పలచని గుడ్డ అంచు మీద జిగ్‌జాగ్ వేస్తే గుడ్డ ముడుచుకుని గట్టి తాడులా తయారవుతుంది, అది బిడ్డ చంకలో ఒరుసుకుంటుంది. దానికంటే రెండుసార్లు కుట్టే పద్ధతి మంచిది. గుడ్డ లోపలి వైపులు కలిపి ముందు సన్నగా ఒక కుట్టు వేయాలి, అంచు కత్తిరించి తిరగేసి, ఆ అంచు లోపలికి మూసుకుపోయేలా ఇంకో కుట్టు వేయాలి. పోగులు బయటికి రావు, ఒళ్ళంతా నున్నగా ఉంటుంది, ఉతికినా చెక్కుచెదరదు. తిన్నటి కుట్టు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. గౌను కుచ్చులకు కూడా అంతే. కుట్టు పొడవు పెంచి, పై దారం కొంచెం వదులు చేసి, పక్కపక్కన రెండు వరసలు వేసి కింది దారం లాగితే కుచ్చు సమంగా వస్తుంది. నడుముకు ఎలాస్టిక్ కావాలంటే పట్టీని గొట్టంలా మడిచి కుట్టి, పిన్నీసుతో లోపలికి దూర్చాలి. ఎలాస్టిక్ వదులైన రోజున విప్పి మార్చుకోవచ్చు కూడా.

ఇక బనియను గుడ్డ దగ్గర నల్ల మిషను ఓడిపోతుంది, ఇందులో మొహమాటం లేదు. సాగే గుడ్డ మీద తిన్నటి కుట్టు వేసి బిడ్డ తల దూర్చగానే మెడ దగ్గర దారం పటపటా తెగుతుంది, ఎందుకంటే గుడ్డ సాగుతుంది, కుట్టు సాగదు. జిగ్‌జాగ్ కుట్టు గుడ్డతోపాటు సాగుతుంది. ఒంగోలులో మా వదిన పిల్లలకు టీషర్టులు, పైజామాలు ఇంట్లోనే కుడుతుంది, ఆమెకు కొత్త మిషను లేకపోతే పని జరగదు. అయినా మొదట్లో ఆమె మిషను కుట్లు తప్పించేది. సాగే గుడ్డకు మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేయాలి. మామూలు సూది పోగుల్ని పొడుస్తుంది, గుడ్డ సూదితోపాటు పైకి లేస్తుంది, కింద దారం అందుకునే కొక్కేనికి దారం అందదు. సూది మార్చాక ఆ ఇబ్బంది పోయింది. కొత్త మిషను కొంటే సూదుల బాధ తీరుతుందనుకోవద్దని చెప్పడానికే ఈ సంగతి.

బొత్తాలకు వేసే కాజాలు కూడా కొత్తదాని లెక్కలోనే వేయాలి. వరసగా చొక్కాలు కుట్టే ఇంటికి అది పెద్ద ఉపకారం. ఏడాదికి రెండు చొక్కాలు కుట్టేవాళ్ళు చేత్తో కుట్టుకోవచ్చు, లేదా కాజాలు వేసే షాపులో ఇవ్వచ్చు. పసిపిల్లల బట్టలకైతే నేను బొత్తాలే ఒద్దంటాను, కట్టుకునే చిన్న పట్టీలు చాలు. బొత్తం ఊడితే నేరుగా నోట్లోకే పోతుంది. ఆ పట్టీలు కూడా మెడ దగ్గర పొడుగ్గా వేలాడకూడదు.

బాగు చేసేవాళ్ళు ఎక్కడున్నారు?

డబ్బు లెక్కలో ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే. నల్ల మిషన్లు ఎక్కువగా సింగర్ వాళ్ళ పాత పదిహేనో నమూనాను అనుసరించి చేసినవే. అందుకే ఒక కంపెనీ బాబిన్, బాబిన్ కేసు, సూది ఇంకో కంపెనీ మిషనుకు చాలావరకు సరిపోతాయి. లూథియానాలో తయారయ్యే ఈ విడిభాగాలు కావలిలోనైనా, పొదిలిలోనైనా టైలరింగు సామాన్ల షాపులో దొరుకుతాయి. సంతల్లో, బజారు మూలల్లో ఒక సంచి, రెండు స్క్రూడ్రైవర్లు పెట్టుకుని కూర్చునే పెద్దాయన కూడా దీన్ని కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తాడు. సూదికి, కింది కొక్కేనికి లంకె తప్పినప్పుడు మాత్రం మనం చెయ్యి పెట్టకూడదు, అది ఆయన పనే. పిన్ను మీద గానీ జిప్పు మీద గానీ సూది గట్టిగా తగిలిన తర్వాత కుట్టు అస్సలు పడకపోతే ఆ అనుమానం పెట్టుకోవాలి.

కొత్త మిషనుకు ఈ ధీమా లేదు. లోపల ప్లాస్టిక్ పళ్ళ చక్రాలుండొచ్చు, కంప్యూటరు రకమైతే బోర్డు కూడా ఉంటుంది. మండలం ఊళ్ళల్లో వీటికి చెయ్యి వేసేవాళ్ళు తక్కువ, నెల్లూరుకో ఒంగోలుకో మోసుకుపోవాలి. కరెంటు పోతే పని ఆగుతుంది. ధర పది వేల చుట్టుపక్కల మొదలై పైకి పోతుంది. కుట్టుపనే బతుకుదెరువైనవాళ్ళకు 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉంటుంది. ఇంటి పిల్లలకు మాత్రమే కుట్టుకునేవాళ్ళకు అది వర్తించదు.

నల్ల మిషనుకే మోటారు బిగించుకోవడం మధ్యదారి. ఖర్చు తక్కువే. తిన్నటి పొడుగు కుట్లకు, దుప్పట్లకు బాగుంటుంది. పిల్లల బట్టల్లో అంత పొడుగు కుట్టు అరుదు, మెడ మలుపులో చక్రాన్ని చేత్తో ఒక్కొక్క కుట్టుగా తిప్పాల్సిందే. ఆ పనికి కాలి తొక్కుడే చెప్పినట్టు వింటుంది. అరచేతిలో పట్టే చిన్న బ్యాటరీ మిషన్ల జోలికి పోవద్దు. అవి ఎక్కువగా ఒక్క దారంతో గొలుసు కుట్టు వేసేవి. కొస సరిగ్గా ముడిపడకపోతే, ఆ కొస బిడ్డ చేతికి దొరికితే, కుట్టంతా సర్రున ఊడొస్తుంది.

దర్జీకి ఇవ్వడం గురించి చెప్పాల్సింది కొంచెమే. పెళ్ళిళ్ళ కాలంలో, పండగ ముందు పసిపిల్లల జుబ్బా వాళ్ళ వరసలో అడుక్కి పోతుంది, తప్పు వాళ్ళది కాదు, కూలి గిట్టదు. కానీ పని మొత్తం ఇవ్వక్కర్లేదు. అంచులు కుట్టిచ్చే పీకో, ఓవర్‌లాక్ షాపు లేని బజారు మా నెల్లూరు, ఒంగోలు వైపు కనపడదు. గౌను అడుగు అంచు, వోణీ అంచు అక్కడిచ్చి, మిగతాది ఇంట్లో కుట్టుకుంటే కొత్త మిషను కొనాల్సిన పని చాలామందికి రాదు.

ఏ మిషను అయినా ఒక కట్టుబాటు మాత్రం ఉండాలి. సూది విరిగితే అక్కడికక్కడ ఆపేయండి. ముక్కలన్నీ దొరికి, కలిపి చూస్తే పూర్తి సూది అయ్యేదాకా ఆ బట్ట బిడ్డకు తొడగొద్దు. అయస్కాంతం ఒకటి మిషను పక్కనే పెట్టుకోండి. మొన దొరక్కపోతే ఆ బట్టను పారేయండి, ఎంత ఇష్టపడి కుట్టినా సరే.

కొత్తది కొనాలనే నిర్ణయానికి వచ్చినవాళ్ళు షాపులో వాళ్ళిచ్చే గట్టి కాటను ముక్క మీద కుట్టు చూసి మురిసిపోకండి. ఇంటి నుంచి మీ ముక్కలే తీసుకెళ్ళండి: రెండు పొరల మల్‌మల్, పాత బనియను ముక్క, మూరెడు ఎలాస్టిక్. మల్‌మల్ మూల నుంచి కుట్టు మొదలుపెట్టమనండి, బనియను ముక్కను కుట్టించి రెండు చేతుల్తో లాగి చూడండి. ఆ నమూనాకు బాబిన్లు, బాబిన్ కేసు మీ ఊళ్ళో ఎవరి దగ్గర దొరుకుతాయో, బాగు చేసే మనిషి ఇంటికి వస్తాడో మనమే మోసుకుపోవాలో బిల్లు రాయకముందే అడగండి.