వాకింగ్ నిలబడాలంటే ఏది మేలు: భయమా, ఇష్టమా, టైమా?

షుగర్ రిపోర్టు రాగానే కొత్త బూట్లు కొంటాం. భయానికి అంత బలముంది, మంచం మీంచి లేపేస్తుంది. కానీ మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) 8 నుంచి 7కి దిగిందనుకోండి, భయమూ దిగుతుంది, దాంతోపాటే వాకింగూ ఆగుతుంది.

2002లో బ్రిటన్‌లో విద్యార్థుల మీద ఒక పరిశోధన జరిగింది. ఒక జట్టుతో గుండెజబ్బు గురించి, వ్యాయామం దాన్నెలా ఆపుతుందన్న దాని గురించి చదివించారు. మరో జట్టు అదే చదివి, వచ్చే వారం ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ వ్యాయామం చేస్తారో కాగితం మీద రాసింది. వారం తిరిగేసరికి కనీసం ఒక్కసారైనా ఇరవై నిమిషాలు గట్టిగా వ్యాయామం చేసినవాళ్లు: చదివి ఊరుకున్న జట్టులో 35 శాతం, రాసిన జట్టులో 91 శాతం. ఏమీ చెప్పని మూడో జట్టులోనే 38 శాతం! కుర్రవాళ్లు, ఒక్క వారం లెక్క, నిజమే. అయినా బెదిరించడం కన్నా టైము రాయించడమే మేలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మరి ఏళ్ల తరబడి నిలవాలంటే? అక్కడ ఇష్టానిదే పైచేయి. ఇంట్లోవాళ్ల పోరు పడలేక నడిచేవాళ్ల కన్నా, షటిల్ ఆడటం సరదా కాబట్టి వెళ్లేవాళ్లే ఎక్కువకాలం కొనసాగుతారు. ట్రెడ్‌మిల్ నచ్చకపోతే వదిలేయండి, తోటపని చేయండి, తప్పేం లేదు.

ఈ మూడింటికీ అడుగున ఇంకొకటుంది: "నావల్ల అవుతుంది" అన్న నమ్మకం. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లోనే చెప్పాడు, అది ఒకరు చెబితే వచ్చేదానికన్నా స్వయంగా చేసి గెలిస్తే వచ్చేదే గట్టిదని. అందుకే మొదటి రోజే ఐదు కిలోమీటర్లు వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాలు అంటుంది గానీ, కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేయాలన్న పాత షరతును 2020లో తీసేసింది. ఐదు నిమిషాలూ లెక్కలోకి వస్తాయి.

ఇది ఆడవాళ్లకు మరీ ముఖ్యం. 2022 అంచనా ప్రకారం మన దేశంలో తగినంత కదలిక లేనివాళ్లు మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఇంటిపనంతా ఒక్కరి మీదే ఉంటే ఉదయం ఆరింటికి పార్కుకెళ్లడం కుదరదు, దాన్ని బద్ధకమనడం అన్యాయం. "పిల్లల్ని స్కూలు బస్సెక్కించాక, అటునుంచి అటే రెండు సందులు చుట్టి వస్తాను" అని రాసుకుంటే కుదరొచ్చు. ఆ కాసేపు స్టవ్ మీది కుక్కర్ ఎవరు చూస్తారో కూడా ఆ కాగితం మీదే, వాళ్ల పేరుతో సహా రాయాలి.