ఎలక్ట్రాన్ యాప్ టెస్టులకు ఏది మేలు: ప్లేరైటా, వెబ్‌డ్రైవర్‌ఐఓనా?

ఎలక్ట్రాన్ (వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్) యాప్ టెస్టింగ్ అంటే ఒకప్పుడు స్పెక్ట్రాన్ అనే టూలే. 2022 ఫిబ్రవరి 1తో దానికి స్వస్తి చెప్పేశారు. అప్పటి నుంచి ఎక్కువమంది ముందున్నవి రెండు ఆటోమేటిక్ టెస్టింగ్ టూల్స్: ప్లేరైట్, వెబ్‌డ్రైవర్‌ఐఓ.

మొదలుపెట్టడానికి ప్లేరైట్ తేలిక. యాప్ లోపలి క్రోమియంతో (పేజీలను చూపించే బ్రౌజర్ ఇంజిన్‌తో) డీబగ్గింగ్ ప్రోటోకాల్ మీద నేరుగా మాట్లాడుతుంది. వెబ్‌డ్రైవర్‌ఐఓకి మధ్యలో క్రోమ్‌డ్రైవర్ అనే ప్రోగ్రామ్ కావాలి, అదీ యాప్‌లోని క్రోమియం వెర్షన్‌కి సరిపోయేదే కావాలి. వెబ్‌డ్రైవర్‌ఐఓకి ఉన్న ఎలక్ట్రాన్ సర్వీస్ అనే ప్లగిన్ సరైన వెర్షన్‌ని తానే తెచ్చుకుంటుంది కాబట్టి పాత టెన్షన్ ఇప్పుడు లేదు.

అసలు తేడా 'సేవ్' బటన్ దగ్గర తెలుస్తుంది. నొక్కగానే తెరుచుకునే ఫైల్ డైలాగ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ది, వెబ్ పేజీలోది కాదు. అది రెండు టూల్స్‌కీ కనిపించదు. టెస్ట్ అక్కడే ఆగిపోయి, టైమవుట్ అయి ఫెయిలవుతుంది. మొదటిసారి ఇది ఎదురైనప్పుడు సెలెక్టర్ (పేజీలో బటన్‌ని గుర్తించే గుర్తు) తప్పేమోనని ఓ పూటంతా వెతికాను. చేయాల్సింది వేరే: డైలాగ్‌ని అసలు తెరుచుకోనివ్వకుండా, మెయిన్ ప్రాసెస్‌లో (కిటికీలు, డైలాగులు నడిపే యాప్ భాగంలో) డైలాగ్ తెరిచే ఫంక్షన్ బదులు మనది పెట్టి, ఫైల్ పాత్ మనమే ఇవ్వాలి. ప్లేరైట్‌లో 'ఎవాల్యుయేట్' అనే కమాండ్‌తో నాలుగు లైన్లలో అయిపోతుంది, కానీ టెస్ట్ అయ్యాక పాత ఫంక్షన్‌ని తిరిగి పెట్టే బాధ్యతా మనదే. మరిచిపోతే తర్వాతి టెస్ట్ అబద్ధం చెబుతుంది. వెబ్‌డ్రైవర్‌ఐఓలో ఎలక్ట్రాన్ ఏపీఐలకు మాక్ (అసలు ఫంక్షన్ బదులు నకిలీది పెట్టే) సదుపాయం సిద్ధంగా ఉంది. డైలాగ్‌ని ఎన్నిసార్లు పిలిచారు, ఏ ఆర్గ్యుమెంట్లతో పిలిచారు అని కూడా దాన్నే అడగొచ్చు.

ఫెయిలైన టెస్ట్‌ని అర్థం చేసుకోవడంలో మాత్రం ప్లేరైట్‌దే పైచేయి. ట్రేస్ (టెస్ట్ నడిచిన తీరు రికార్డింగ్) తీసి ఉంచితే ఏ క్లిక్ దగ్గర స్క్రీన్ ఎలా ఉందో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. అయితే దాని ఎలక్ట్రాన్ సపోర్ట్‌కి ఇంకా 'ఎక్స్‌పెరిమెంటల్' ముద్రే ఉంది. పైగా రిలీజ్ బిల్డ్‌లో భద్రత కోసం నోడ్ ఇన్‌స్పెక్ట్ ఫ్యూజ్ (బయటి నుంచి డీబగ్ చేయనిచ్చే స్విచ్) ఆపేసి ఉంటే, ప్లేరైట్ ఆ యాప్‌ని లాంచ్ చేయలేక టైమవుట్ అవుతుంది. కొత్తవాళ్లను బాగా తిప్పలు పెట్టేది ఇదే.

ఎలక్ట్రాన్ లాంటిదే మరో ఫ్రేమ్‌వర్క్ టౌరీతో కట్టిన యాప్ అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. టౌరీ డ్రైవర్‌ది వెబ్‌డ్రైవర్ అనే ప్రామాణిక పద్ధతే, కాబట్టి వెబ్‌డ్రైవర్‌ఐఓ వైపే వెళ్లండి.

నా మాట అడిగితే, ఎలక్ట్రాన్ మాత్రమే వాడే చిన్న టీమ్‌కి ప్లేరైట్ చాలు. డైలాగులు, మెనూలు, నోటిఫికేషన్లు ఎక్కువగా ఉన్న యాప్‌కి మొదటి రోజు సెటప్ కాస్త ఎక్కువైనా వెబ్‌డ్రైవర్‌ఐఓనే పెట్టుకుంటాను. ఏది ఎంచుకున్నా, స్క్రీన్ లేని లినక్స్ సీఐ మెషీన్‌లో (టెస్టులను తానే నడిపే సర్వర్‌లో) ఎక్స్‌విఎఫ్‌బి అనే ఉత్తుత్తి స్క్రీన్ పెట్టడం మరవకండి. అది లేకపోతే యాప్ కిటికీయే తెరుచుకోదు.