బరంపురం తేమలో ఆరేళ్ల గాత్ర రికార్డింగ్: మైకు, ప్రీయాంపుల ఎంపికలో నా అనుభవం

మా ఇల్లు బరంపురం పాత బస్తీలో, పట్టు నేసేవారి వీధికి ఆనుకొని ఉంది. వీధి గది నుంచి పెరటి దాకా ఒకదాని వెనుక ఒకటిగా గదులున్న పాతకాలపు ఇల్లు. పక్కింటికీ మాకూ మధ్య గోడ ఒక్కటే. నేను సంగీత పాఠాలు చెబుతాను. దూరాన ఉన్న శిష్యుల కోసం కీర్తనలు పాడి పంపడం, తెలిసినవారు అడిగితే ఒడియా భజనలు రికార్డు చేసి ఇవ్వడం 2019 చివర్లో మొదలుపెట్టాను. ఈ ఆరేళ్లలో రెండు మైకులు, రెండు ఇంటర్‌ఫేసులు (మైకు సంకేతాన్ని కంప్యూటరుకు అందించే పెట్టెలు, లోపలే ఒక ప్రీయాంపు ఉంటుంది) వాడాను; ఖరీదైన ప్రీయాంపు (మైకు ఇచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచే సాధనం) ఒకటి విడిగా అరువు తెచ్చుకొని మూడు వారాలు పరీక్షించాను. ఇన్నాళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: సముద్రానికి దగ్గరగా ఉన్న మా వంటి ఊళ్లలో మైకును గదిని బట్టి, గాలిలోని తేమను బట్టి ఎంచుకోవాలి, ప్రీయాంపు గురించి ఆలోచించవలసింది ఆ తరువాతే.

మొదట కొన్నది పెద్ద డయాఫ్రమ్ (ధ్వనికి కదిలే పలుచని పొర) ఉన్న కండెన్సర్ మైకు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే నేను పడిన ఇబ్బంది ఆ ఒక్క మైకుది కాదు, ఆ జాతి మొత్తానికీ ఉన్న స్వభావం. మొదటి చలికాలమంతా అది నన్ను ఎంతగానో సంతోషపెట్టింది. మంద్రస్థాయిలో మెల్లగా పలికిన గమకం కూడా చెరగకుండా వినిపించేది. శ్వాస తీసుకున్న చోటు, పదం విడిచిన చోటు విడివిడిగా తెలిసేవి. ఆషాఢం వచ్చి వానలు పట్టాక ఒక రాత్రి రికార్డు చేసిన పాటలో చిటపటమని, పెనంలో ఆవాలు చిట్లినట్లు చప్పుడు మొదలైంది. తీగ మార్చాను, ఇంటర్‌ఫేస్ మార్చాను, ల్యాప్‌టాప్ మార్చాను, చప్పుడు పోలేదు. మైకును రెండు రోజులు పొడిచోట మూసి ఉంచాక దానంతటదే పోయింది.

కారణం తరువాత అర్థమైంది. కండెన్సర్ మైకులో కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉన్న పలుచని పొర ఒక లోహపు పలకకు అతి దగ్గరలో ఉంటుంది. ఆ రెండింటి మీద విద్యుత్ ఆవేశం నిలిచి ఉంటుంది; ధ్వనికి పొర కదిలినప్పుడు వాటి మధ్య వోల్టేజిలో వచ్చే మార్పే మన గొంతు. 15 కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్ తీరం నుంచి వీచే ఉప్పు గాలి, పాడుతున్నప్పుడు నోటి నుంచి వచ్చే ఆవిరి కలిసి ఆ భాగాల మీద తేమగా చేరితే, ఆవేశం నిలకడగా ఉండక కొద్దికొద్దిగా జారిపోతుంది. మనకు వినిపించే చిటపటలు అవే. ఇప్పుడు ఆ మైకును పని అయిన వెంటనే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టేస్తాను. గింజలు నీలం నుంచి గులాబీ రంగుకు మారితే తేమ పీల్చుకున్నాయని గుర్తు. వాటిని వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడతాను. కొందరు డబ్బాలో బియ్యం పోయమంటారు. నేను దానికి ఒప్పుకోను. బియ్యపు పిండి, దుమ్ము మైకు జాలీలోకి చేరితే తేమ కంటె పెద్ద నష్టం జరుగుతుంది.

ఆ వానాకాలంలోనే ష్యూర్ ఎస్‌ఎం58 కొన్నాను. 1966 నుంచి తయారవుతున్న ఈ డైనమిక్ మైకును పెళ్లి పందిరి నుంచి గుడి ఉత్సవం దాకా వేదికల మీద చూస్తూనే ఉంటాము కనుక, ఇంట్లో రికార్డింగుకు ఇదేమిటని మొదట నాకూ అనిపించింది. దీనిలో తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో కదలడం వల్ల సంకేతం పుడుతుంది. బయటి నుంచి విద్యుత్తు అక్కర లేదు, తేమకు కండెన్సర్‌లా బెదరదు. ఐదు వానాకాలాలు గడిచినా నా ఎస్‌ఎం58 ఒక్కసారి కూడా మొరాయించలేదు. దాని స్పందన 50 నుంచి 15,000 హెర్ట్జ్ వరకే కాబట్టి కండెన్సర్‌లో వినిపించే పైపొర మెరుపు ఇందులో ఉండదు. మన సాహిత్యంలో శ, ష, స తరచుగా వస్తాయి. నా గొంతులో ఆ అక్షరాలు కండెన్సర్ ముందు ఈలలా గుచ్చుకుంటే, ఇందులో మెత్తబడి వస్తాయి. మహాప్రాణాలు మాత్రం రెండింటిలోనూ దెబ్బకొడతాయి. భ, ఫ పలికినప్పుడు గాలి నేరుగా తగలకుండా పాప్ ఫిల్టర్ పెట్టి, మైకును నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కకు తిప్పి పాడటం మేలు.

డైనమిక్ మైకుకు గదిలోని చప్పుడు వినపడదని చాలామంది నమ్ముతారు. అది పూర్తి నిజం కాదు. దాన్ని నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకొని పాడతాము కనుక గొంతు ముందు గది చిన్నబోతుంది, అంతే. దూరం రెట్టింపైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వని మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. ఈ ఒక్క లెక్క తెలిసి ఉంటే నేను మొదటి ఏడాది వృథా చేసిన డబ్బులో సగం మిగిలేది. అయితే మరీ దగ్గరకు వెళితే కింది స్వరాలు ఉబ్బి వినిపిస్తాయి. మంద్ర పంచమం దగ్గర నేను అరచేయంత దూరం జరుగుతాను.

కొనేవారు మైకుల స్వంత చప్పుడు (ఏ ధ్వనీ లేనప్పుడు మైకు తానుగా చేసే చప్పుడు) అంకెలను పోల్చుకొని సతమతమవుతారు. ఆడియో టెక్నికా ఏటీ2020కి అది 20 డెసిబెల్స్, రోడ్ ఎన్‌టీ1-ఏకు 5 డెసిబెల్స్. కాగితం మీద ఇది పెద్ద తేడా. కాని మా గదిలో ఫోన్ యాప్‌తో చూస్తే, అది కచ్చితమైన కొలత కాకపోయినా, ఫ్యాను ఆపిన అర్ధరాత్రి 35 చుట్టూ, ఫ్యాను తిరుగుతుంటే 50 పైన చూపించింది. అంతటి చప్పుడులో ఆ 15 డెసిబెల్స్ తేడా ఎవరి చెవికీ అందదు. అందుకే నేను ముందు గదిని చక్కబెట్టాను: వెనుక గోడకు, పక్క గోడకు రెండు పాత దూది పరుపులు నిలబెట్టి, నా వెనుక తాడు మీద బొంతలు వేలాడదీశాను. ఒట్టి గోడకు అంటించే పలుచని నురుగు పలకలు పై స్వరాల ప్రతిధ్వనినే తీసి, కింది గుమగుమను అలాగే వదిలేశాయి. దూది పరుపులు మందంగా ఉండటం వల్ల ఎక్కువ మేలు చేశాయి. రెండేళ్లకోసారి బుద్ధి ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో మాత్రం ఏ పరుపూ పనిచేయదు. డప్పుల మోత గోడలగుండా వస్తుంది. ఆ నెల నేను రికార్డింగు పెట్టుకోను.

ఇక ప్రీయాంపు. ఎస్‌ఎం58 ఒక పాస్కల్ ధ్వనికి, అంటే 94 డెసిబెల్స్‌కు, 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఎన్‌టీ1-ఏ వంటి కండెన్సర్ అదే ధ్వనికి సుమారు 25 మిల్లీవోల్టులు, అంటే 13 రెట్లకు పైగా ఇస్తుంది. డైనమిక్ మైకు కొన్నవారు ప్రీయాంపు పేరుప్రఖ్యాతుల కంటె దాని గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే శక్తి, ఎంతో చూడాలని నేననేది ఇందుకే. నా మొదటి చవక ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ బిరడాను చివరిదాకా తిప్పితే గొంతుతో పాటు బుసబుసమనే చప్పుడు లేచేది. తరువాత తీసుకున్న మూడవ తరం ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోకు 56 డెసిబెల్స్ గెయిన్ ఉంది. నిండుగా పాడే కీర్తనకు ఎస్‌ఎం58తో అది సరిపోతోంది; లాలిపాట వంటి మెత్తని పాటకు మాత్రం బిరడా చివరికి చేరుతుంది. ష్యూర్ ఎస్‌ఎం7బీ అనే డైనమిక్ మైకు 1.12 మిల్లీవోల్టులే ఇస్తుంది కనుక దానికి కనీసం 60 డెసిబెల్స్ కావాలి. అది కొనాలనుకునేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి. కొరత పడితే కొత్త ప్రీయాంపు కొననక్కర లేదు. మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య తగిలించే ఫెట్‌హెడ్ వంటి చిన్న సాధనం 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో (ఇంటర్‌ఫేస్ మైకు తీగ గుండానే పంపే విద్యుత్తుతో) పనిచేసి, సుమారు 27 డెసిబెల్స్ చేరుస్తుంది. రెండేళ్లుగా అలాంటిది వాడుతున్నాను, తృప్తిగా ఉన్నాను.

అరువు తెచ్చిన ఖరీదైన ప్రీయాంపు గురించి కూడా ఉన్నదున్నట్లు చెబుతాను. ఒకే కీర్తన పల్లవిని దాని గుండా, నా ఇంటర్‌ఫేస్ గుండా పాడి, శబ్దం స్థాయి సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా మా అబ్బాయి చేత వేయించుకొని విన్నాను. పదిసార్లలో ఆరుసార్లు సరిగా గుర్తించాను; అది ఊహతో చెప్పినా వచ్చే ఫలితమే. అదే పల్లవిని మైకు నాలుగు వేళ్లు జరిపి పాడితే పదికి పదిసార్లూ తెలిసింది.

పాత ఇళ్లలో ఇంకొక చిక్కు ఉంది. ల్యాప్‌టాప్ చార్జరు పెట్టగానే రికార్డింగులో 50 హెర్ట్జ్ గుయ్‌మనే రొద వచ్చేది. చార్జరు తీస్తే పోయేది. ఇంటికి సరైన ఎర్తింగ్ లేదని తేలింది. పెరట్లో గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగ్ చేయించాక రొద దాదాపు మాయమైంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఇప్పటికీ ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే ఉంచుతాను. రికార్డింగు 24 బిట్లలో చేస్తాను. తారస్థాయిలో గట్టిగా పలికినా రికార్డింగు మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేటట్లు గెయిన్ పెట్టుకుంటే, మంద్రంలో మెల్లగా పాడినది తరువాత పెంచుకున్నా చప్పుడు పైకి రాదు.

ఇప్పుడు నా పద్ధతి ఇలా ఉంది: కార్తికం నుంచి ఫాల్గుణం దాకా కండెన్సర్, మిగిలిన నెలలు ఎస్‌ఎం58. మొన్న పర్లాకిమిడి నుంచి ఒక శిష్యురాలు ఫోన్ చేసి, "టీచరుగారూ, నాకు ఏ మైకు కొనుక్కోమంటారు?" అని అడిగింది. ఏ గదిలో పాడతావమ్మా అని నేను అడిగాను. రేకుల కప్పు గది అంది, పక్కనే వంటిల్లు అంది. డైనమిక్ మైకు ఒకటి, 56 డెసిబెల్స్‌కు తగ్గని ఇంటర్‌ఫేస్ ఒకటి తీసుకోమన్నాను; మిగిలిన డబ్బుతో రెండు దూది పరుపులు కుట్టించుకోమని, వాన పడుతున్నంతసేపూ పాడవద్దని చెప్పాను.