క్యూబాకు దక్కిన స్వాతంత్ర్యమా, ఫిలిప్పీన్స్ అనుభవించిన వలస పాలనా: ఏది మేలు?

1898 నాటి స్పెయిన్–అమెరికా యుద్ధం ప్రస్తావన వచ్చినప్పుడల్లా, పోటీ పరీక్షల కోసం ప్రపంచ చరిత్ర చదివే పాఠకులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఒకే యుద్ధంలో ఒకే పాత సామ్రాజ్యం నుంచి విడివడి ఒకే కొత్త శక్తి చేతిలో పడిన రెండు దేశాల్లో క్యూబా 1902లోనే సొంత జెండా ఎగరవేసింది, ఫిలిప్పీన్స్ 1946 వరకు ఆగవలసి వచ్చింది. అలాంటప్పుడు క్యూబా పరిస్థితే మేలు కదా అని వారి ప్రశ్న. తేదీలను మాత్రమే చూస్తే అవుననే చెప్పాలి. అయితే ఆ స్వాతంత్ర్యం ఏ షరతుల మీద వచ్చిందో, పరాయి అధికారానికి గడువంటూ ఎక్కడైనా రాసి ఉందో లేదో చూసినప్పుడు నాకు ఆ సమాధానం నిలబడదనిపిస్తుంది.

క్యూబాకు అనుకూలమైన అంశాలను ముందు ఒప్పుకోవాలి. యుద్ధం ఆరంభంలోనే, 1898 ఏప్రిల్‌లో, అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన టెల్లర్ సవరణ క్యూబాను కలుపుకునే ఉద్దేశం తమకు లేదని ప్రకటించింది. ఫిలిప్పీన్స్‌కు అలాంటి మాట ఎవరూ ఇవ్వలేదు. స్పెయిన్ వెళ్లిపోయాక క్యూబన్లు అమెరికన్ సైన్యంతో యుద్ధం చేయవలసిన అవసరం రాలేదు. హవానాను దశాబ్దాలుగా పీడించిన పచ్చజ్వరం దోమల ద్వారా వ్యాపిస్తుందని క్యూబన్ వైద్యుడు కార్లోస్ ఫిన్లే ఎప్పుడో చెప్పిన మాట అమెరికా సైనిక ఆక్రమణ కాలంలోనే రుజువై, ఆ వ్యాధి నగరంలో అదుపులోకి వచ్చింది. 1902 మే 20న సైన్యం వెళ్లిపోయింది, ఎస్ట్రాడా పాల్మా అధ్యక్షుడయ్యాడు.

అయితే వెళ్లే ముందు ఆ సైన్యం ఒక షరతు పెట్టింది. అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన ప్లాట్ సవరణను తమ రాజ్యాంగంలో చేర్చుకుంటేనే ఆక్రమణ ముగుస్తుందని తెలిసిన క్యూబన్ రాజ్యాంగ సభ, మొదట ప్రతిఘటించి, చివరికి 1901 జూన్‌లో 16–11 ఓట్లతో తల ఒగ్గింది. ఆ సవరణ ప్రకారం క్యూబా తన స్వాతంత్ర్యానికి భంగం కలిగించే ఒప్పందాలు ఇతర దేశాలతో చేసుకోరాదు, ఆదాయానికి మించిన అప్పులు చేయరాదు, నౌకా స్థావరాలకు భూమి ఇవ్వాలి. అన్నింటికంటే ముఖ్యంగా, క్యూబా స్వాతంత్ర్యాన్నీ ప్రజల ప్రాణ, ఆస్తి, స్వేచ్ఛలనూ కాపాడే పేరుతో అమెరికా ఎప్పుడైనా జోక్యం చేసుకోవచ్చు. 1798లో నిజాం అంగీకరించిన సైన్య సహకార ఒప్పందాన్ని చదివిన తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. రక్షణకు వచ్చిన సైన్యపు ఖర్చు కింద 1800లో నేటి రాయలసీమ ప్రాంతం కంపెనీ వశమైన సంగతి వారికి తెలుసు. క్యూబాను పాలించిన సైనిక గవర్నర్ లియోనార్డ్ వుడ్ స్వయంగా, ప్లాట్ సవరణ తర్వాత క్యూబాకు స్వాతంత్ర్యం పెద్దగా మిగలలేదన్న అర్థంలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1901లోనే లేఖ రాశాడు.

ఆ జోక్యపు హక్కు చేసిన అసలు హాని క్యూబా రాజకీయాల లోపల జరిగిందని నా నమ్మకం. 1905 ఎన్నికలు అక్రమంగా జరిగాయని ప్రతిపక్ష లిబరల్స్ మరుసటి ఏడాది తిరుగుబాటు చేసినప్పుడు, అధ్యక్షుడు ఎస్ట్రాడా పాల్మా ప్రత్యర్థులతో రాజీపడడానికి బదులు అమెరికా జోక్యాన్ని కోరి రాజీనామా చేశాడు. దాంతో అమెరికా యుద్ధ మంత్రి విలియం టాఫ్ట్ హవానా వచ్చి తనను తాను తాత్కాలిక గవర్నరుగా ప్రకటించుకున్నాడు. ఆ రెండో ఆక్రమణ 1909 వరకు సాగింది. 1912లో, 1917లో మళ్లీ సైన్యం దిగింది. ఓడినవాడు ఓటరు దగ్గరికి కాక వాషింగ్టన్ దగ్గరికి వెళ్లే అలవాటును ఒక రాజ్యాంగ నిబంధనే పెంచి పోషించింది. పైగా ఆ నిబంధనకు ముగింపు తేదీ లేదు. 1903లో ఏడాదికి 2,000 డాలర్ల బంగారానికి అమెరికాకు రాసిచ్చిన గ్వాంటనామో నౌకా స్థావరపు కౌలుకూ గడువు లేదు.

ఇక ఫిలిప్పీన్స్. ఇక్కడ మొదటి అధ్యాయం ఘోరమైనది, దానిని తేలిక చేసే మాట ఒక్కటి కూడా అనలేను. 1898 డిసెంబరు 10 నాటి పారిస్ ఒప్పందంలో స్పెయిన్ ఈ ద్వీపాలను 2 కోట్ల డాలర్లకు అప్పగించింది. ఆ బల్ల దగ్గర ఫిలిప్పినోలకు చోటు లేదు. 1899 జనవరిలో మలోలోస్‌లో గణతంత్రం ఏర్పడింది, ఫిబ్రవరి 4న అమెరికా సైన్యంతో దాని యుద్ధం మొదలైంది. అమెరికా సైనికులు 4,200 మందికి పైగా, ఫిలిప్పినో యోధులు సుమారు 20,000 మంది చనిపోయారు. హింస, ఆకలి, కలరా కలిసి దాదాపు 2,00,000 మంది పౌరులను బలిగొన్నాయని సాధారణంగా అంగీకరించే అంచనా. స్పెయిన్ సేనాని వైలర్ క్యూబా పల్లె జనాన్ని శిబిరాల్లో కుక్కాడని ఆగ్రహించి యుద్ధానికి దిగిన దేశమే, బటాంగస్‌లో రైతులను అదే పద్ధతిలో శిబిరాలకు తరలించింది. సమార్ ద్వీపంలో పదేళ్లు దాటినవారిని చంపమని ఆదేశించిన జనరల్ జేకబ్ స్మిత్‌కు సైనిక విచారణ తర్వాత పడిన శిక్ష మందలింపు, ఆపై పదవీ విరమణ మాత్రమే.

ఇంత జరిగాక కూడా దీర్ఘకాలంలో ఫిలిప్పీన్స్ మార్గమే మేలైనదని నేను ఎందుకు అంటున్నానంటే, అక్కడ అధికారం ఎవరిదన్న విషయంలో దాపరికం లేదు. పాలించేది పరాయివాడని అందరికీ తెలుసు కాబట్టి, రాజకీయమంతా వాడు ఎప్పుడు వెళతాడన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ఓటు హక్కు కొద్దిమందికే ఉన్న 1907 శాసనసభ ఎన్నికల్లో కూడా తక్షణ స్వాతంత్ర్యం కోరినవారే ఎక్కువ స్థానాలు గెలిచారు. 1916 నాటి జోన్స్ చట్టం, స్థిరమైన ప్రభుత్వం ఏర్పడగానే స్వాతంత్ర్యం ఇస్తామని హామీ ఇచ్చింది. 1934 నాటి టైడింగ్స్–మెక్‌డఫీ చట్టం, స్వయంపాలక ప్రభుత్వం ఏర్పడిన నాటి నుంచి పదేళ్ల గడువును రాతపూర్వకంగా పెట్టింది. మధ్యలో జపాన్ దాడి చేసి దేశాన్ని ఆక్రమించినా, మనీలా నేలమట్టమైనా, 1946 జూలై 4 అన్న తేదీ మారలేదు.

ఆ గడువు వెనుక ఔదార్యం కంటే స్వార్థమే ఎక్కువన్నది నిజం. చౌకగా వచ్చే ఫిలిప్పీన్స్ చక్కెరతో పోటీ పడలేని అమెరికా బీట్‌దుంప రైతులు, ఫిలిప్పినో కార్మికుల రాకను ఆపాలనుకున్న కార్మిక సంఘాలు ఆ చట్టాన్ని బలపరిచాయి. అదే చట్టం వలస వెళ్లేవారి సంఖ్యను ఏడాదికి 50కి కుదించింది. కానీ కారణం ఏదైనా, కాగితం మీద తేదీ ఉన్నప్పుడు బేరమాడే శక్తి వస్తుంది. 1933లో అమెరికా కాంగ్రెస్ పంపిన మొదటి స్వాతంత్ర్య చట్టాన్ని, సైనిక స్థావరాల నిబంధన పట్ల అభ్యంతరంతో సహా పలు కారణాలతో, మాన్యుయెల్ కెజోన్ నాయకత్వంలోని ఫిలిప్పీన్స్ శాసనసభ తిరస్కరించగలిగింది, మరుసటి ఏడాది కొంత మెరుగైన చట్టాన్ని సాధించుకుంది. 1901లో హవానాలో కూర్చున్న సభకు అలా కాదనే అవకాశం లేదు. కాదంటే సైన్యం కదలదు.

1898లో అమెరికా చేతికి వచ్చిన మిగిలిన ప్రాంతాలను ఈ తూకంలో పెట్టడం కష్టం. హవాయి 1898లో విలీనమై 1959లో రాష్ట్రమైంది, దాని రాణిని 1893లోనే గద్దె దింపారు. ప్యూర్టో రికో ప్రజలకు 1917లో పౌరసత్వం వచ్చినా, ద్వీపంలో నివసించేవారికి నేటికీ అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. గ్వామ్ స్థితి కూడా దాదాపు అదే.

ఫిలిప్పీన్స్‌కు 1946లో పూర్తి స్వేచ్ఛ వచ్చిందా అని అడిగేవారి అభ్యంతరం న్యాయమైనదే. సహజ వనరుల వినియోగంలో అమెరికన్లకు తమతో సమాన హక్కులిస్తూ ఫిలిప్పినోలు రాజ్యాంగాన్ని సవరించుకోవలసి వచ్చింది, 1947లో స్థావరాలను 99 ఏళ్లకు ఒప్పగించారు. అయితే ఈ రెంటికీ గడువు ఉంది, ఉన్న గడువును కుదించుకునే వీలూ దొరికింది. సమాన హక్కుల ఏర్పాటు 1974లో ముగిసింది. స్థావరాల గడువును 1966లో చేసిన సవరణ 1991కి తగ్గించింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 16న ఫిలిప్పీన్స్ సెనేట్ కొత్త ఒప్పందాన్ని 12–11 ఓట్లతో తిరస్కరించింది, 1992 నవంబరులో అమెరికా నౌకాదళం సూబిక్ స్థావరాన్ని ఖాళీ చేసింది. తర్వాతి ఒప్పందాలతో అమెరికా సైనికులు ఫిలిప్పీన్స్ శిబిరాలకు మళ్లీ వస్తున్నారు, కానీ ఆ శిబిరాలు ఫిలిప్పీన్స్‌వే. క్యూబాలో ప్లాట్ సవరణ 1934లోనే రద్దయినా, ఆ రద్దు ఒప్పందమే గ్వాంటనామో కౌలును ఉభయులూ అంగీకరించేవరకు, లేదా అమెరికా తనంతట తాను వదిలేవరకు కొనసాగేలా నిలిపి ఉంచింది. 1959 తర్వాత క్యూబా ఎన్నిసార్లు తిరిగి కోరినా ఆ భూమి నేటికీ అమెరికా స్వాధీనంలోనే ఉంది.