ర్యాన్ హాలా, మెబ్ కెఫ్లెజ్గియా: ఎవరి కెరీర్ మేలు?

మొన్న ఆదివారం లాంగ్ రన్ అయ్యాక రోడ్డు పక్కన టీ తాగుతుంటే మా గ్రూపులో కుర్రాడొకడు అడిగాడు, "అన్నా, నువ్వైతే ఎవరి కెరీర్ కోరుకుంటావ్, ర్యాన్ హాల్‌దా మెబ్‌దా" అని. ఇద్దరూ అమెరికా మారథాన్ రన్నర్లే, మారథాన్ అంటే 42 కిలోమీటర్ల పరుగు. వాడు 2011 బోస్టన్ మారథాన్ వీడియో చూసొచ్చాడు, అందులో హాల్ ముందుండి లాగేస్తుంటే కెన్యా వాళ్లు, ఇథియోపియా వాళ్లు వెనకాల వరసగా వస్తుంటారు, అది చూసినోళ్లెవరైనా హాల్‌కి ఫ్యాన్ అయిపోవాల్సిందే, నేనూ అయ్యాను. కానీ నేను మెబ్ అని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు, టైమింగ్‌లు చూడన్నా అన్నాడు.

సరే, ముందు టైమింగ్‌లే చూద్దాం. ఇక్కడ అసలు పోటీయే లేదు. 2007 జనవరిలో హ్యూస్టన్‌లో హాల్ హాఫ్ మారథాన్‌ని, అంటే 21 కిలోమీటర్లని, 59 నిమిషాల 43 సెకన్లలో కొట్టాడు, గంట లోపు హాఫ్ పూర్తిచేసిన మొదటి అమెరికన్ అతనే, అప్పటికి వయసు 24. ఆ రికార్డు 2025 జనవరి దాకా అంటే 18 ఏళ్లు కదల్లేదు, చివరికి కానర్ మాంట్జ్ మళ్లీ ఆ హ్యూస్టన్‌లోనే 59:17తో దాటాడు. 59:43 అంటే కిలోమీటరుకి 2 నిమిషాల 50 సెకన్లు. మనం స్టేడియంలో ఒక్క రౌండు, 400 మీటర్లు, 68 సెకన్లలో పరిగెత్తి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోతాం, అతను అలాంటి రౌండ్లు యాభై పైన ఆగకుండా వేశాడు. ఆ తర్వాత 2008 లండన్ మారథాన్ 2:06:17, అంటే 2 గంటల 6 నిమిషాల 17 సెకన్లు, 2011 బోస్టన్ 2:04:58. బోస్టన్ టైమ్ రికార్డు కింద లెక్కలోకి రాదు, ఎందుకంటే ఆ రూటు ఒక ఊళ్లో మొదలై ఇంకో చోట ఆగుతుంది, మొత్తం మీద 140 మీటర్లు కిందకి దిగుతుంది, రూల్ ప్రకారం 42 మీటర్లకి మించి దిగకూడదు, పైగా ఆరోజు వెనక నుంచి గాలి బాగా తోసింది. అయినా కాళ్లు అతనివే కదా.

మెబ్ మారథాన్ బెస్ట్ ఎంతంటే 2:08:37. హాల్ బోస్టన్ టైమ్‌కీ దీనికీ మూడున్నర నిమిషాలపైన తేడా, ఆ స్పీడులో అది కిలోమీటరు కన్నా ఎక్కువ దూరం. ఇద్దరూ తమ తమ బెస్ట్ రోజున ఒకే రోడ్డు మీద పరిగెత్తితే హాల్ ఫినిష్ లైన్ దాటి నీళ్లు తాగుతుంటాడు, మెబ్ ఇంకా కనపడడు. మెబ్ స్లో అనుకోకండి మళ్లీ, 2001లో 10 వేల మీటర్లు 27:13.98లో పరిగెత్తి అమెరికన్ రికార్డు పెట్టాడు, అది 2010 దాకా నిలిచింది.

ఇప్పుడు గెలుపులు చూడండి. మెబ్‌కి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో సిల్వర్, 1976లో ఫ్రాంక్ షార్టర్ తర్వాత మారథాన్‌లో అమెరికా మగాళ్లకి మెడల్ రావడం అదే. 2009లో న్యూయార్క్ గెలిచాడు, 1982లో సలజార్ తర్వాత అక్కడ గెలిచిన అమెరికన్ మగాడు లేడు. 2014లో బోస్టన్ గెలిచాడు, 1983లో గ్రెగ్ మేయర్ తర్వాత అక్కడా ఎవరూ లేరు. ఈ మూడూ ఒకే మనిషి చేశాడు, పదేళ్ల గ్యాప్‌లో. హాల్ సంగతికొస్తే బీజింగ్ ఒలింపిక్స్‌లో 10వ స్థానం, బోస్టన్‌లో ఒకసారి 3, రెండుసార్లు 4, లండన్‌లో 5. ఒలింపిక్స్‌కి టీమ్‌ని ఎంచే అమెరికా ట్రయల్స్ తప్ప ఒక్క పెద్ద మారథాన్ కూడా గెలవలేదు. నాకు ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఆ 2011 బోస్టన్‌లో 2:04:58 పరిగెత్తినోడికి నాలుగో ప్లేసు రావడం ఏంటసలు, జెఫ్రీ ముతాయ్ 2:03:02 కొట్టిన రోజు అది, అంతకుముందు ఏ సంవత్సరమైనా ఆ టైమ్‌తో గెలిచేసేవాడు.

మరి ఎందుకిలా అయ్యింది అంటే అదృష్టం అనేసి ఊరుకోలేం. లండన్ లాంటి రేసుల్లో పేస్‌మేకర్లుంటారు, డబ్బులిచ్చి పెట్టుకుంటారు, సగం పైన దూరం దాకా ఒకే స్పీడుతో ముందు లాగుతారు, వెనకున్నవాళ్లు ఆలోచించకుండా ఫాలో అయిపోవచ్చు. హాల్‌కి అది ప్రాణం, ఒక రిథమ్ పట్టుకున్నాడంటే కాళ్లు నేలకి తగులుతున్నాయా లేదా అన్నట్టుంటుంది ఆ పరుగు. ఒలింపిక్స్, న్యూయార్క్, అప్పటి బోస్టన్ ఇవన్నీ పేస్‌మేకర్లు లేని రేసులు, అక్కడ గుంపు ఒక కిలోమీటరు నిద్రపోతున్నట్టు వెళ్తుంది, తర్వాతి కిలోమీటరు ఎవడో సర్రుమని లాగుతాడు, ఎవర్ని పోనివ్వాలి ఎవర్ని వదలకూడదు అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. మెబ్‌కి అది వచ్చు. ఏథెన్స్‌లో ఆరోజు ఎండకి రోడ్డు కాలిపోతోంది, ఎత్తులు ఎక్కాలి, అప్పటి ప్రపంచ రికార్డు 2:04:55 పెట్టిన పాల్ టెర్గాట్ అంతటోడు పదో ప్లేసుకి పడిపోయాడు, మెబ్ మాత్రం ఇటలీ వాడు బల్దీనీ వెనక 2:11:29తో రెండోవాడిగా స్టేడియంలోకి వచ్చాడు. పేపర్ మీద చూస్తే 2:11 ఏం టైమ్ అనిపిస్తుంది, మన హైదరాబాద్ మారథాన్‌లో ఆగస్టు ఉక్కలో ఆ ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగినోళ్లకి మాత్రం చెప్పక్కర్లేదు, రోడ్డూ వాతావరణం చూడకుండా టైమ్ ఒక్కటే చూడటం ఎంత తప్పో.

ఇద్దరూ మొదలైన తీరు కూడా చూడండి, నాకు చాలా ఇష్టం ఇది. హాల్ కాలిఫోర్నియాలో బిగ్ బేర్ లేక్ అనే ఊళ్లో పెరిగాడు, సముద్ర మట్టానికి రెండు వేల మీటర్ల ఎత్తు. 13 ఏళ్లప్పుడు బాస్కెట్‌బాల్ ఆటకి వెళ్తూ కారు కిటికీలోంచి చెరువు చూసి దీని చుట్టూ పరిగెత్తాలి అనుకున్నాడు, ఆ శనివారమే నాన్నతో కలిసి చుట్టేశాడు, 15 మైళ్లు, బాస్కెట్‌బాల్ బూట్లతోనే. అంతకుముందు ప్రాక్టీసు లేదు, రెండు మైళ్లతో మొదలెడదాం అన్న మాట లేదు. మెబ్ పుట్టింది ఎరిట్రియాలో అస్మారా దగ్గర, యుద్ధం నుంచి తప్పించుకుని తండ్రి ముందు సూడాన్‌కి నడిచి వెళ్లిపోయాడు, తర్వాత ఎన్నేళ్లకో కుటుంబమంతా ఇటలీలో కలిసింది, 1987లో శాన్ డియేగో చేరారు. ఇంగ్లీషు రాదు, పిల్లలు చాలామంది. ఏడో తరగతిలో పీటీ సారు మైలు పరుగు పెట్టి బాగా పరిగెత్తినోళ్లకి మంచి గ్రేడూ టీషర్టూ అన్నాడు, ఈ పిల్లోడు 5 నిమిషాల 20 సెకన్లలో కొట్టాడు. ఒకడు కనిపించిన చెరువంతా ఒక్క పూటలో చుట్టాలనుకున్నాడు, ఇంకొకడు ఆరోజు అడిగిందేదో అది సరిగ్గా చేశాడు. వాళ్ల కెరీర్లు మొత్తం ఇలాగే నడిచాయని నాకనిపిస్తుంది.

2007 నవంబర్ 3, న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒలింపిక్ ట్రయల్స్. హాల్ 2:09:02తో గెలిచాడు, అమెరికా అంతా ఇక మన హీరో వచ్చేశాడు అంది. అదే రేసులో వాళ్లిద్దరికీ స్నేహితుడు ర్యాన్ షే మధ్యలో కుప్పకూలి చనిపోయాడు, ఆ విజయం మీద ఆ నీడ ఎప్పటికీ పోలేదు. మెబ్ ఎనిమిదోవాడిగా వచ్చాడు, తుంటి ఎముకలో చీలిక, నడవలేని పరిస్థితి, వయసు 32, అందరూ ఇక అయిపోయాడన్నారు. సరిగ్గా రెండేళ్లకి అదే ఊళ్లో న్యూయార్క్ మారథాన్, మెబ్ 2:09:15తో మొదట వచ్చాడు, హాల్ నాలుగు. 2012 ట్రయల్స్‌లో మళ్లీ మెబ్ ఒకటి, హాల్ రెండు, తేడా 22 సెకన్లే. ఆ ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో హాల్ తొడ వెనక కండరం పట్టేసి మధ్యలోనే ఆగిపోయాడు, మెబ్ సగం దాకా బాగా వెనకపడి ఒక్కొక్కళ్లనీ దాటుకుంటూ నాలుగో ప్లేసుకి వచ్చాడు, అప్పుడతనికి 37.

ట్రైనింగ్ దగ్గరకొస్తే అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. మెబ్‌కి కాలేజీ రోజుల నుంచి చివరిదాకా ఒకే కోచ్, బాబ్ లార్సెన్. వయసు పెరిగే కొద్దీ వారం లెక్క మానేసి తొమ్మిది రోజుల సైకిల్ పెట్టుకున్నాడు, కష్టమైన రన్నులు మూడే, కానీ మధ్యలో రెండేసి రోజులు తేలిక. మనం ఆదివారం లాంగ్ రన్, మంగళవారం స్పీడు, గురువారం టెంపో అని క్యాలెండర్‌కి కట్టేసుకుంటాం, మళ్లీ ఆదివారం వచ్చేసరికి కాళ్లు ఇంకా కోలుకోకపోయినా పరిగెత్తేస్తాం. ఆయన క్యాలెండర్‌నే మార్చుకున్నాడు. దానికి తోడు నిలబడి తొక్కే ఎలిప్టికల్ సైకిల్, రోజూ స్ట్రెచింగూ డ్రిల్సూ. నేను కూడా 40 దాటాక పది రోజుల సైకిల్‌కి మారాను, రెండేళ్లుగా వేధించిన పిక్క నొప్పి అప్పుడే తగ్గింది, అందుకే ఇది ఇంత గట్టిగా చెప్తున్నా.

హాల్ 2010లో కోచ్‌ని వదిలి సొంతంగా ట్రైనింగ్ మొదలెట్టాడు, కోచ్ ఎవరంటే దేవుడు అనేవాడు. దాన్ని తేలిగ్గా తీసెయ్యను, ఆ 2:04:58 వచ్చింది ఆ దారిలోనే, ఆర్నెల్ల తర్వాత చికాగోలో 2:08:04 కూడా. కానీ ఏళ్ల తరబడి అంత మైలేజీ, అంత ఎత్తులో, అంత గట్టిగా. పక్కన నిలబడి ఈరోజు చాల్లే అనే మనిషి లేడు. 2012 ఒలింపిక్స్ తర్వాత రేసులు వరసగా వదులుకోవాల్సొచ్చింది, ఆ ఏడాదే న్యూయార్క్, తర్వాత బోస్టన్, మళ్లీ న్యూయార్క్, మధ్యలో రెనాటో కనోవా లాంటి పెద్ద కోచ్ దగ్గరకి వెళ్లినా శరీరం మాట వినలేదు. టెస్టోస్టిరాన్ బాగా తక్కువ, తీరని అలసట, తేలిక పరుగుకి కూడా ఒంట్లో శక్తి లేదు. 2016 జనవరిలో, రియో ట్రయల్స్‌కి నెల ముందు, 33 ఏళ్లకే రిటైరయ్యాడు. ఆ ట్రయల్స్‌లో 40 ఏళ్ల మెబ్ రెండోవాడిగా వచ్చి ఒలింపిక్స్‌కి వెళ్లాడు. రియోలో 33వ ప్లేసు, తడిసిన ఫినిష్ లైన్ దగ్గర జారి పడి, లేచే ముందు అక్కడే పుషప్స్ తీశాడు. 2017 న్యూయార్క్‌తో ఆపేశాడు, అది తన 26వ మారథాన్, మారథాన్‌లో మైళ్లు ఎన్నో అన్ని.

ఒక్కటి మాత్రం హాల్ వైపు గట్టిగా చెప్పాలి, ఆయన జీవితం రిటైర్మెంట్‌తో చిన్నదవలేదు. భార్య సారా కూడా రన్నరే, ఇద్దరూ 2015లో ఇథియోపియా నుంచి నలుగురు అక్కచెల్లెళ్లని దత్తత తెచ్చుకున్నారు, ఒకళ్లని కాదు, తోబుట్టువుల్ని విడదీయకుండా నలుగుర్నీ. తర్వాత సారాకి కోచింగ్ ఇచ్చాడు, ఆమె 2020 లండన్‌లో రెండోస్థానం కొట్టింది, అదే ఏడాది 2:20:32 పరిగెత్తింది.

మెబ్ వైపు కూడా అంతా పూలబాట కాదు. 2011లో నైకీ కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదు, 36 ఏళ్లోడి మీద ఎవరు పెట్టుబడి పెడతారు, చివరికి స్కెచర్స్ తీసుకుంది, అప్పట్లో ఆ బూట్లతో సీరియస్ రన్నర్లు కనపడేవాళ్లు కాదు. అదే ఏడాది న్యూయార్క్‌లో ముక్కుకి పెట్టుకునే స్ట్రిప్ ఒకటి పొరపాటున బూటులో ఉండిపోయింది, దాంతోనే 42 కిలోమీటర్లు పరిగెత్తాడు, పాదం ఒరుసుకుపోయి ఇన్ఫెక్షన్ వచ్చి మూడు వారాలు పరుగే లేదు. ట్రయల్స్‌కి ఉన్నదే 70 రోజులు. అవే ట్రయల్స్ గెలిచాడని పైన చెప్పానే.

కాబట్టి తమ్ముడికి నా జవాబు ఇది. నీకు 24 ఏళ్లుండి, కాళ్లలో ఆ వరం ఉండి, ఒక్కసారైనా ఎవరూ వెళ్లని చోటుకి వెళ్లాలనుకుంటే హాల్ దారి తప్పని నేననను, ఆ 59:43 మెబ్ ఏ జన్మలోనూ పరిగెత్తేవాడు కాదు. కానీ కెరీర్ మొత్తం తీసుకుని ఎంచుకోమంటే నేను వెయ్యిసార్లడిగినా మెబ్‌దే అంటాను, 29 ఏళ్లకి మెడల్, 34కి న్యూయార్క్, 38కి బోస్టన్. మధ్యలో రెండుసార్లు జనం పక్కన పెట్టేశారు, రెండుసార్లూ తిరిగొచ్చాడు. ఉద్యోగం చేస్తూ పిల్లల్ని బడిలో దింపి తెల్లారి నాలుగింటికి లేచి పరిగెత్తే మనలాంటోళ్లకి నేర్చుకునేది కూడా ఆయన దగ్గరే ఎక్కువుంది.

ఇంకొకటి, అసలు ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టడం నాకు పూర్తిగా ఇష్టం లేదు, 2014 బోస్టన్ వల్ల. ముందు సంవత్సరం అక్కడ బాంబులు పేలాయి, మెబ్ ఆరోజు చూడటానికి వచ్చి కాసేపటి ముందే వెళ్లిపోయాడు. తర్వాతి ఏడాది తన బిబ్, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం, నాలుగు మూలలా నల్ల మార్కర్‌తో చనిపోయిన నలుగురి పేర్లు చిన్న అక్షరాల్లో రాసుకున్నాడు, మార్టిన్, క్రిస్టల్, లింగ్జీ, పోలీసు ఆఫీసరు షాన్ కాలియర్. అప్పటికి 39 నిండటానికి రెండు వారాలు. రేసు సగం కాకముందే ముందుకెళ్లిపోయాడు, కెన్యా వాళ్లు ఈ ముసలాయన ఎలాగూ ఆగిపోతాడులే అని వదిలేశారు. చివర్లో విల్సన్ చెబెట్ దూసుకొచ్చాడు, వెనక్కి తిరిగి చూస్తే కనపడేంత దగ్గరకి, 11 సెకన్ల తేడాతో మెబ్ లైన్ దాటాడు. ఆరోజు వెనక గుంపులో హాల్ కూడా ఉన్నాడు, ఒంట్లో సత్తువ అయిపోయి చివరికి 2:17:50తో 20వ ప్లేసు. కానీ రేసు మధ్యలో గుంపు స్పీడు పెంచబోతుంటే తోటి అమెరికన్లని ఆపింది ఆయనే, మెబ్‌ని తరమొద్దు, పోనివ్వండి అని.